అమ్మ ఆరు నిమిషాల నడక: పద్నాలుగు నెలలు ఫోన్‌తో కొలిచాక

మా అమ్మకి 68 ఏళ్లు. ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు, డాక్టర్లు ఐఎల్‌డీ అంటారు. మూడు నెలలకోసారి ఆసుపత్రి కారిడార్‌లో ఆమెని ఆరు నిమిషాలు నడిపిస్తారు. 30 మీటర్ల దూరంలో రెండు కోన్లు పెట్టి, వాటి మధ్య అటూ ఇటూ. ఎంత దూరం నడిచింది, వేలికి పెట్టిన ఆక్సీమీటర్‌లో ఆక్సిజన్ అంకె ఎంతకి పడింది, ఆయాసం పదికి ఎంత అనేవి రాసుకుంటారు. పోయినేడాది మే నెలలో డాక్టర్‌గారు, "మధ్యలో ఇంటి దగ్గర కూడా నెలకి రెండుసార్లు చేసి ఫోన్‌లో రాసుకు రండి" అన్నారు. అప్పటినుంచీ తెనాలిలో మా ఇంటి దగ్గర చేస్తూనే ఉన్నాం.

మొదటి చిక్కు చీరతో వచ్చింది. అడుగులు లెక్కపెట్టే యాప్ ఫోన్‌ని ప్యాంటు జేబులో పెట్టుకోమంటుంది. చీరకి జేబెక్కడిది? రొంటిన దోపుకుంటే రెండో నిమిషంలోనే జారిపోయింది. చేత్తో పట్టుకుంటే, పడిపోతుందేమోనన్న భయంతో చెయ్యి బిగబట్టి నడిచింది, యాప్ లెక్కలో అడుగులు సగమే పడ్డాయి. చివరికి మా నాయనమ్మ వక్కాకు సంచి బయటికి తీసి, నాడాతో నడుముకి కట్టాం. అడుగుల లెక్క కుదిరింది.

అడుగుల్ని మీటర్లుగా మార్చడంలో మాత్రం ఆ యాప్ మోసం చేసింది. మనిషి ఎత్తుని బట్టి అడుగు ఇంత పొడవు అని ముందే ఒకటి అనుకుని, దాంతో గుణిస్తుంది. అమ్మకి ఆయాసం వచ్చినప్పుడు ముందు తగ్గేది ఆ పొడవే. చిన్న చిన్న అడుగులు గబగబా వేస్తుంది. దాంతో బాగా నలతగా ఉన్న రోజునే యాప్ ఎక్కువ దూరం చూపించింది. రెండు నెలల తర్వాత దాన్ని తీసేశాను.

తర్వాత జీపీఎస్‌తో కొలిచే యాప్. ఆకాశం బాగా కనిపించే చోట కూడా మామూలు ఫోన్ జీపీఎస్ ఓ ఐదు మీటర్లు అటూ ఇటూ అవుతుంది. మా డాబా మీద నడిచే జాగా 12 మీటర్లు. ప్రతి మలుపులో ఆ తప్పు చేరుతూ పోయి, టేపు లెక్కలో 336 మీటర్లు వచ్చిన నడకని యాప్ 512 అంది. మ్యాప్ తెరిస్తే పసిపిల్లాడు పలక మీద గీసిన పిచ్చిగీతల్లా ఉంది. కాలువ గట్టు మీద తిన్నగా నడిపిస్తే మాత్రం దాదాపు సరిగ్గానే చెప్పింది. కానీ ఆరు నిమిషాలయ్యేసరికి ఇంటికి 300 మీటర్ల పైనే దూరంలో ఉంటాం. కూర్చోడానికి చోటు లేదు, కుక్కలు, బైకులు. నాలుగుసార్లు ఆటోలో వెనక్కి తీసుకొచ్చి ఆ ముచ్చటా మానేశాం.

ఇప్పుడు చేసేది ఇది. మేస్త్రీ టేపుతో పిట్టగోడ వెంట 12 మీటర్లు కొలిచి రెండు చివర్లా సుద్ద గీతలు గీశాం. మధ్యలో ఒక ప్లాస్టిక్ కుర్చీ. ఫోన్ నా చేతిలోనే ఉంటుంది, అమ్మ మలుపు తిరిగినప్పుడల్లా యాప్‌లో ఒకసారి నొక్కుతాను. కూర్చున్నా టైమర్ ఆపను, పరీక్ష పద్ధతే అది. నేను వెనకాలే నడుస్తాను. ముందు నడిస్తే నా వేగాన్ని అందుకోవాలని చూస్తుంది.

చప్పట్లు కొట్టడం కూడా మానేశాం. మావాడు "అమ్మమ్మా, ఫాస్ట్!" అని అరిచిన రోజు ఏకంగా 20 మీటర్లు ఎక్కువొచ్చాయి. ఆసుపత్రిలో నిమిషానికోసారి ఒకే మాట, ఒకే గొంతుతో చెప్పేది ఇందుకేనట. అదే మాట నా గొంతుతో రికార్డు చేసి ఫోన్‌లో పెట్టాను. "పక్కనే ఉండి ఫోన్‌లో మాట్లాడతావేంటే" అని అమ్మ నవ్వింది.

ఇంటి అంకెని ఆసుపత్రి అంకెతో పోల్చకండి. ఒకే వారంలో అక్కడ 372 వస్తే మా డాబా మీద 336 వచ్చింది. దారి పొట్టిదైతే మలుపులు ఎక్కువ, ప్రతి మలుపుకీ వేగం తగ్గుతుంది. మొదటిసారి వచ్చిన అంకెని కూడా లెక్కలోకి తీసుకోవద్దు. రెండోసారి మా అమ్మ 22 మీటర్లు పెరిగితే మందు పనిచేస్తోందని సంబరపడి పాయసం వండాం. అది అలవాటు వల్ల వచ్చిన పెరుగుదలని తర్వాత తెలిసింది. దూరంలో ఓ 30 మీటర్ల తేడా వస్తేనే పట్టించుకోమన్నారు డాక్టర్‌గారు. అంతకు ముందు ఐదు మీటర్లు తగ్గినా నాకు రాత్రంతా టెన్షనే.

ఇంత తంటా దేనికి అంటే, ఒక్క సంగతి చెబుతాను. అక్టోబరులో 338, నవంబరులో 331, డిసెంబరులో 335 మీటర్లు. దూరం చూస్తే ఏమీ మారలేదు. పక్కన రాసుకున్న ఆక్సిజన్ మాత్రం 91, 89, 86. అంతే దూరం నడవడానికి ఒళ్లు ఎక్కువ అవస్థ పడుతోందన్నమాట. ఆ పేజీ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే డాక్టర్‌గారు జనవరి దాకా ఆగకుండా అదే వారం రమ్మన్నారు. నడిచేటప్పుడు పెట్టుకోడానికి చిన్న ఆక్సిజన్ సిలిండర్ రాశారు. విచిత్రమేంటంటే, నేను వాడే యాప్‌లో ఆక్సిజన్ రాయడానికి గడే లేదు! అందుకే నోట్స్‌లో వేరే పేజీ పెట్టుకున్నాను. ఫోన్ మార్చినప్పుడు యాప్‌లోని మూడు నెలల లెక్కలు ఎగిరిపోయాయి, నోట్స్ పేజీ మిగిలింది. చలికాలం పొద్దున్నే వేళ్లు చల్లగా ఉంటే ఆక్సీమీటర్ తప్పుడు అంకె చూపిస్తుంది, చేతులు రుద్ది వెచ్చబెట్టాకే పెట్టండి.

డాలస్‌లో ఉన్న మా తమ్ముడు యాపిల్ వాచ్ పంపుతానంటున్నాడు. అది రోజువారీ కదలికల్ని బట్టి ఆరు నిమిషాల దూరాన్ని అంచనా వేస్తుంది, 500 మీటర్లకి మించి చూపించదు. మా అమ్మకి 500 ఎలాగూ రాదు కాబట్టి ఆ హద్దుతో ఇబ్బంది లేదు, కానీ దాంతోపాటు ఐఫోన్ కూడా కావాలి. పైగా అది అంచనా, పక్కన మనిషి ఉండి చేసే పరీక్ష కాదు.

ఒంటరిగా మాత్రం ఎవరూ చేయకండి. గడిచిన నెల రోజుల్లో గుండెపోటు వచ్చినా, కూర్చున్నప్పుడే నాడి 120 దాటుతున్నా అసలు మొదలుపెట్టొద్దు. ఆక్సిజన్ ఎంతకి పడితే ఆపాలో మా అమ్మకి డాక్టర్‌గారు ఒక అంకె చెప్పారు. మీది మీ డాక్టర్‌నే అడగండి.

సిలిండర్ వచ్చాక పాత అంకెల కింద గీత కొట్టి కొత్త వరస మొదలుపెట్టాను, ఆ రెండూ పోల్చకూడదు కదా. సిలిండర్ సంచి నేనే మోస్తాను. పోయిన ఆదివారం 324 వచ్చింది, ఆక్సిజన్ 90 దగ్గర ఆగింది. అమ్మ కుర్చీలో కూలబడి, ఆయాసం తగ్గాక ఫోన్ వంక చూసి, "ఇంకో రౌండైతే 336 అయ్యేది. మీ టైమర్‌కి మహా తొందర" అంది.