పాత గేమింగ్ సిస్టమ్‌కి ముందు ప్రాసెసరా, గ్రాఫిక్స్ కార్డా?

బీ450 బోర్డు, రైజెన్ 5 2600 ప్రాసెసర్, జీటీఎక్స్ 1060 గ్రాఫిక్స్ కార్డు. 2018, 19 ప్రాంతంలో గేమింగ్ కోసం సిస్టమ్ కట్టించుకున్న చాలామంది దగ్గర ఇప్పటికీ ఉన్నది ఇదే, లేదా దీనికి దగ్గరి చుట్టమే. పాతికవేలు దాటకుండా ఏది మారిస్తే మేలని తరచూ అడుగుతున్నారు. ఈమధ్య మా తమ్ముడి సిస్టమ్‌కి కూడా ఇదే తేల్చాల్సి వచ్చింది.

ముందు మీరు రోజూ ఆడే గేమ్ పెట్టి సెట్టింగ్స్ అన్నీ లో చేయండి, రిజల్యూషన్‌ను 720పీకి దించండి. ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేములు) బాగా పెరిగితే ఇన్నాళ్లూ అడ్డం పడుతున్నది కార్డు. పెద్దగా కదలకపోతే ప్రాసెసర్. వాలొరాంట్, సీఎస్2 ఆడేవాళ్లకు ఎక్కువగా ప్రాసెసర్ అనే తేలుతుంది. కథ నడిచే భారీ గేమ్‌లు ఆడేవాళ్లకు కార్డు.

కార్డు మార్చాలనే వాదన బలమైనదే. 1060 వచ్చింది 2016లో. అందులో రే ట్రేసింగ్ (వెలుతురు, నీడలను నిజంలా చూపే పద్ధతి) హార్డ్‌వేర్ లేదు, 2024 నాటి ఇండియానా జోన్స్ గేమ్‌కి అది తప్పనిసరి. పైగా ఎన్విడియా 2025 అక్టోబర్‌తో ఈ తరం కార్డులకు గేమ్ రెడీ డ్రైవర్లు (కొత్త గేమ్‌లకు తగ్గట్టు ఇచ్చే సాఫ్ట్‌వేర్) ఆపేసి, సెక్యూరిటీ అప్‌డేట్లకే పరిమితమైంది. దాని స్థానంలో 8 జీబీ ఆర్‌ఎక్స్ 6600 పెడితే 1080పీలో హాయిగా ఆడుకోవచ్చు.

అయితే నేను ధర కన్నా ముందు చూసేది, కొన్న పార్టు తన వెంట ఇంకేం కొనిపిస్తుందన్నది. 6600 కి 8 పిన్ పవర్ కనెక్టర్ కావాలి. చాలా 1060 లకు 6 పిన్ చాలు, అప్పట్లో చవగ్గా దొరికిన ఎస్‌ఎమ్‌పీఎస్‌లలో (సిస్టమ్‌కి కరెంటు అందించే పెట్టెలు) అదొక్కటే ఉంటుంది. కన్వర్టర్ కేబుల్‌తో నెట్టుకురావద్దు, మంచి ఎస్‌ఎమ్‌పీఎస్ కొనాల్సిందే. అప్పుడు పాతికవేల లెక్క తప్పుతుంది. ఇంత పెట్టినా, జనం గుమిగూడిన సీన్లో గేమ్ అదిరి ఆగడం 2600 వల్లే అయితే అది అలాగే ఉంటుంది.

రైజెన్ 5 5600 ప్రాసెసర్ అలా కాదు. అదే బోర్డు, అదే ర్యామ్, అదే 65 వాట్లు. బాక్స్ ప్యాక్‌లో కూలర్ కూడా వస్తుంది. 2600 లో 16 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ) రెండు ముక్కలుగా ఉంటుంది. 5600 లో 32 ఎంబీ ఒకే చోట, ఆరు కోర్లకూ అందుబాటులో ఉంటుంది. గేమ్ మధ్యలో వచ్చే కుదుపులు తగ్గడానికి ఇదొక ముఖ్య కారణం. రేపు కార్డు కొన్నా ఇది దానికి సరిజోడు. నా ఓటు దీనికే, మా తమ్ముడికీ ఇదే వేయించాను. 60 హెర్ట్జ్ మానిటర్ మీద ఇప్పటికే 60 ఎఫ్‌పీఎస్ నిలకడగా వస్తుంటే మాత్రం ఈ ఖర్చు కంటికి కనబడదు.

మార్చేటప్పుడు రెండు జాగ్రత్తలు. పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్ (బోర్డును నడిపే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయాలి, లేకపోతే కొత్తది పెట్టాక స్క్రీన్ మీద ఏమీ రాదు. ఇక కూలర్ తీసే ముందు కాసేపు గేమ్ ఆడి ప్రాసెసర్‌ని వేడెక్కించండి. ఆపాక కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ విడదీయండి. ఎండిపోయిన పేస్ట్ పట్టేసి ఉండగా నేరుగా పైకి లాగితే ప్రాసెసర్ సాకెట్‌లోంచి ఊడొచ్చి పిన్నులు వంగుతాయి.

మిగతావి చూస్తే, ర్యామ్ ఒకే స్టిక్ ఉంటే ముందు జత చేయండి, బయోస్‌లో ఎక్స్‌ఎమ్‌పీ (ర్యామ్‌ని దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేయండి. ఎస్‌ఎస్‌డీ లేకపోతే అదే మొదటి ఖర్చు. కొత్త తరం ప్రాసెసర్ల సాకెట్ ఏఎమ్5 కి వెళ్లాలంటే బోర్డు, డీడీఆర్5 ర్యామ్ కూడా కొనాలి, ఈ బడ్జెట్‌లో వద్దు. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ కార్డు చవకని కొనకండి, దానికి నాలుగు పీసీఐఈ లేన్లే (బోర్డుతో డేటా మార్చుకునే దారులు), బీ450 లాంటి పీసీఐఈ 3.0 బోర్డు మీద బాగా వెనకబడుతుంది.

పరీక్షలో కార్డే అడ్డమని తేలి, సెకండ్ హ్యాండ్ కోసం సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్తే, షాపులోనే పావుగంట స్ట్రెస్ టెస్ట్ (కార్డుకు పూర్తి పని పెట్టే పరీక్ష) నడిపించమని అడగండి. ఫ్యాన్లు అన్నీ తిరుగుతున్నాయా, టెంపరేచర్ ఒకచోట నిలబడుతోందా, స్క్రీన్ మీద రంగు చుక్కలు కనిపిస్తున్నాయా చూడండి. నడిపి చూపించనంటే ఆ కార్డు వదిలేయండి.