3.31, 3.55, 3.73: మస్టాంగ్‌కి ఏ డిఫరెన్షియల్ రేషియో మేలు?

డిఫరెన్షియల్‌లో ఇంజిన్ వైపు చిన్న గేరు పినియన్, చక్రాల వైపు పెద్ద గేరు క్రౌన్. క్రౌన్ పళ్లని పినియన్ పళ్లతో భాగిస్తే వచ్చేదే రేషియో. ఈ రెండూ మారిస్తే టాప్ స్పీడు ఎంత మారుతుందో చూడటానికి 2011–14 ఫోర్డ్ మస్టాంగ్ జీటీ మాన్యువల్ మంచి ఉదాహరణ. మూడు రేషియోలూ కంపెనీ నుంచే వచ్చాయి. 3.31లో క్రౌన్‌కి 43 పళ్లు, పినియన్‌కి 13. 3.55లో 39, 11. 3.73లో 41, 11.

255/40 ఆర్19 టైరు చుట్టుకొలత సుమారు 2.16 మీటర్లు, ఇంజిన్ గరిష్ఠం 7,000 ఆర్పీఎం (నిమిషానికి చుట్లు). గేర్‌బాక్స్‌లో ఐదో గేరు రేషియో 1.00 కాబట్టి ఆ గేర్లో 3.31తో గంటకు 274 కిలోమీటర్లు, 3.55తో 255, 3.73తో 243 వస్తాయి. ఆరో గేరు 0.65. అందులో 3.31తో కాగితం మీద 421 దాకా లెక్క తేలుతుంది, కానీ గాలి ఊరుకోదు! అందుకే ఈ కారు టాప్ స్పీడు ఐదులోనే తేలుతుంది, ఆరు పెట్రోలు ఆదాకే.

ఇక్కడే చాలామంది పొరబడతారు. రేషియో తగ్గించినంత మాత్రాన స్పీడు పెరగదు. గాలి తోపుకి ఇంజిన్ శక్తి సరిపోయే చోటే కారు వేగం పెరగడం ఆగుతుంది. ఆ వేగానికి ఇంజిన్ 6,500 ఆర్పీఎం దగ్గర, అంటే పూర్తి పవర్ ఇచ్చే చోట ఉంటేనే మంచి స్పీడు. ఐదో గేర్లో ఆ 6,500 అంటే 3.31తో 254, 3.73తో 226. 3.73 వేసి 243 దగ్గర ఆరుకి మారిస్తే ఆర్పీఎం 4,550కి పడిపోతుంది, లాగే సత్తువ మిగలదు. ఎలక్ట్రానిక్ లిమిటర్ (వేగానికి హద్దు పెట్టే ఏర్పాటు) ఇంతకన్నా ముందే ఆపే కారైతే ఈ తేడా అసలు బయటపడదు.

పికప్ సంగతి వేరు. అదే గేర్లో 3.73 చక్రాలకి 3.31 కన్నా 12.7 శాతం ఎక్కువ టార్క్ (తిప్పే బలం) ఇస్తుంది. రెండో గేరు (2.43) మాత్రం 100 కి.మీ. దగ్గరే అయిపోతుంది, 3.31తో 112 దాకా లాగొచ్చు. ఇంకా పొట్టిగా, అంటే ఇంకా పెద్ద రేషియో 4.10 వేస్తే రెండో గేరు 91కే నిండి, వందకి ముందే మూడు వేయాలి, లాభంలో కొంత అక్కడే పోతుంది. హైవే మీద వందలో, ఆరో గేర్లో 3.31 సుమారు 1,660 ఆర్పీఎం, 3.73 సుమారు 1,870.

టాప్ స్పీడు, దూరప్రయాణం కావాలంటే 3.31. క్వార్టర్ మైలు, ఊళ్లో చురుకుదనం కావాలంటే 3.73. రెండూ కొంచెం కొంచెం కావాలంటే 3.55, నా ఓటు దానికే.

మార్చేటప్పుడు క్రౌన్, పినియన్ జతగానే మార్చాలి. పినియన్ లోతు షిమ్‌తో (పలుచని రేకు వాషర్), బ్యాక్‌లాష్ (రెండు గేర్ల పళ్ల మధ్య సందు) 0.20–0.30 మి.మీ. మధ్య సరిచూడాలి. క్రష్ స్లీవ్ (పినియన్ బేరింగుల మధ్య బిగిస్తే నలిగే గొట్టం) కొత్తదే వేయాలి, పాతది మళ్లీ పట్టదు. బ్యాక్‌లాష్ తప్పితే గేర్లు ఊళ పెడతాయి. ట్రాక్షన్-లాక్ (ఒక చక్రం జారితే రెండోదానికీ బలం పంపే ఫోర్డ్ డిఫరెన్షియల్) ఉంటే నూనెలో ఫ్రిక్షన్ మోడిఫయర్ అనే కలుపుడు ద్రవం తప్పనిసరి. కంప్యూటర్లో కొత్త రేషియో రాయించకపోతే స్పీడోమీటర్ తప్పు చూపిస్తుంది. మొదటి 800 కిలోమీటర్లు గట్టిగా తొక్కకుండా నడిపి, తర్వాత నూనె మార్చాలి.