బార్సిలోనాలో ఒక్క పూటే ఉంటే: గోతిక్ క్వార్టరా, ఎషాంప్లానా?

నా ఓటు పాతబస్తీలోని గోతిక్ క్వార్టర్‌కే. కాకపోతే పొద్దున ఎనిమిదింటికల్లా అక్కడ ఉండాలి.

రెండూ పక్కపక్కనే ఉంటాయి. ప్లాసా కాతలున్యా అనే పెద్ద కూడలి దగ్గర నిలబడితే సముద్రం వైపు పాతబస్తీ, కొండల వైపు ఎషాంప్లా. ఒకప్పుడు పాత ఊరి చుట్టూ కోటగోడ ఉండేది. లోపల జనం కిక్కిరిసి, రోగాలు ముసురుకోవడంతో 1854లో దాన్ని పడగొట్టడం మొదలుపెట్టారు. బయటి ఖాళీ నేలకు ఇల్దెఫోన్స్ సెర్దా అనే ఇంజినీరు వేసిన ప్లాన్ 1859లో ఖాయమైంది. అదే ఎషాంప్లా. ఒక్కో బ్లాకు 113 మీటర్ల చదరం, వీధి వెడల్పు 20 మీటర్లు, బ్లాకు మూలలన్నీ ఏటవాలుగా కోసేసినట్టు ఉంటాయి. అందుకే ప్రతి కూడలీ చిన్న మైదానంలా తెరుచుకుంటుంది. దారి తప్పుతామన్న టెన్షన్ ఉండదు. ఆర్కిటెక్ట్ గౌడీ చేతి భవనాలు కాసా బాట్లో, కాసా మిలా ఒకే రోడ్డు మీద ఉన్నాయి. 1882లో మొదలైన సగ్రాదా ఫమీలియా చర్చి కూడా ఎషాంప్లాలోదే. కానీ లోపలికి వెళ్ళాలంటే అన్నిటికీ టికెట్లే, అవీ ముందే కొనుక్కోవాలి. ఒక్క పూటలో ఏదో ఒకటే అవుతుంది.

పాతబస్తీలో నన్ను కట్టిపడేసినవాటికి టికెట్ లేదు. కేథడ్రల్ వెనక పరదీస్ సందులో పదో నంబరు ఇంట్లోకి అడుగుపెడితే రోమన్ చక్రవర్తి అగస్టస్ గుడి తాలూకు నాలుగు స్తంభాలు, రెండు వేల ఏళ్ళ నాటివి, ఇళ్ళ గోడల మధ్య ఇరుక్కుని నిలబడి ఉన్నాయి. కేథడ్రల్‌కి అటుపక్క సాంత్ ఫెలీప్ నేరి చౌక్. చిన్నది, మధ్యలో ఫౌంటెన్. చర్చి గోడ కింది భాగమంతా గుంటలే, కొన్నింటిలో నా పిడికిలి పట్టింది. స్పెయిన్ అంతర్యుద్ధంలో, 1938 జనవరి 30న పడిన బాంబుల దెబ్బలవి. ఆ రోజు ఇక్కడ 42 మంది పోయారు, ఎక్కువమంది పిల్లలే. పక్కనే బడి ఉంది. ఇప్పటికీ పిల్లలు ఆ గోడ ముందే ఆడుకుంటారు. నేను చాలాసేపు కదల్లేకపోయాను.

గోతిక్ అన్న పేరు చూసి అంతా మధ్యయుగాలదే అనుకోవద్దు. అందరూ ఫోటోలు దిగే బిష్బె వీధి వంతెన 1928లో కట్టింది. పది దాటితే టూర్ గుంపులతో సందులు నిండిపోతాయి. పక్కనే ఉన్న లా రాంబ్లా వీధి వైపు జేబుదొంగలతో జాగ్రత్త.

పెద్దవాళ్ళు వెంట ఉంటే గది మాత్రం ఎషాంప్లాలోనే తీసుకోండి. పాత మేడల్లో చాలాచోట్ల లిఫ్ట్ ఉండదు, సూట్‌కేసు ఈడ్చుకెళ్ళడానికి ఆ రాళ్ళ సందులు పనికిరావు. పొద్దున కాఫీ తాగి కిందికి నడిస్తే, ఇరవై నిమిషాల్లో ఆ గోడ ముందు ఉంటారు.