నూనె, సెగ, కోత: తుప్పుకు పట్టేసిన సస్పెన్షన్ బోల్టుకు ఏది మేలు?

బోల్టు రావట్లేదనగానే అందరూ ఏం కొట్టాలి, దేంతో తిప్పాలి అని అడుగుతారు. దానికంటే ముందు చూడాల్సింది ఒకటుంది. అది ఎక్కడ పట్టేసింది? సస్పెన్షన్ బోల్టు రెండు చోట్ల పట్టేస్తుంది. నట్టు దగ్గర మరల్లో ఒకటి. బుష్ (అదురు తగ్గించే రబ్బరు దిమ్మ) మధ్యలో ఉండే ఉక్కు గొట్టంలో, బోల్టు నడుము దగ్గర, రెండోది. ఈ రెండింటికీ మందు వేరు.

నాకు ఇది తెలిసింది మొదటిసారి లోయర్ ఆర్మ్ (చక్రం వైపును ఫ్రేముకు కలిపే కింది చేయి) విప్పినప్పుడు. నట్టు తేలిగ్గానే వచ్చేసింది. బోల్టు తలకు సాకెట్ పెట్టి తిప్పితే పావు చుట్టు తిరిగింది. హమ్మయ్య అనుకుని చేయి సడలించగానే మళ్లీ వెనక్కి వచ్చేసింది. కదులుతోంది కదా అని రెండు రోజులు నూనె కొడుతూ, అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాను. మూడో రోజు లైటు పట్టుకుని కిందకు దూరి, ముఖం దగ్గరగా పెట్టి తిప్పి చూశాను. బోల్టుతో పాటు లోపలి గొట్టం కూడా తిరుగుతోంది. చుట్టూ ఉన్న రబ్బరు తడిగుడ్డ పిండినట్టు మెలి తిరిగి, వదలగానే వెనక్కి లాగుతోంది. అంటే ఆ రెండు రోజులూ నేను తిప్పింది రబ్బరునే. తిప్పితే స్ప్రింగులా వెనక్కి వస్తోందంటే పట్టేసింది గొట్టంలోనే. అసలు కదలకపోతే ముందు మరలను అనుమానించండి.

మరల్లో పట్టేసిందనుకుందాం. అప్పుడు మొదటి వంతు నూనెది. ఇనుము తుప్పుగా మారితే ముందున్న దానికంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అందుకే ఆ సందులు అంతగా బిగుసుకుపోతాయి. అందులోకి నూనె ఇంకాలంటే టైమ్ కావాలి. ముందురోజు రాత్రే కొట్టి, పొద్దున మళ్లీ కొట్టి అప్పుడు మొదలుపెట్టడం మంచిది. మామూలు డబ్ల్యూడీ-40 ఉన్నా పరవాలేదు గానీ, తుప్పు వదిలించడానికే చేసిన పెనట్రేటింగ్ ఆయిల్ ఇంకా మేలు. చాలామంది మరిచిపోయేది వైరు బ్రష్. నట్టుకు బయట మిగిలిన మరల మీద తుప్పు పెచ్చులు అలాగే ఉంటే, కదిలిన నట్టు రెండు చుట్లు తిరిగి మళ్లీ అక్కడే ఇరుక్కుంటుంది. సాకెట్ ఆరు మూలలదే వాడండి. పన్నెండు మూలలది తుప్పు తిన్న నట్టు అంచులను గుండ్రంగా అరగదీస్తుంది.

చేత్తో తిప్పే పొడుగాటి బ్రేకర్ బారా, దెబ్బలు కొడుతూ తిప్పే ఇంపాక్ట్ రెంచా? లావు బోల్టులకు నేను ఇంపాక్ట్ వైపే. బార్ ఒకే దిక్కున ఆపకుండా మెలి పెడుతుంది, బోల్టు అక్కడే విరగొచ్చు. ఇంపాక్ట్ దెబ్బలు తుప్పును అదరగొడతాయి. ముందు కొంచెం బిగించే వైపు, తర్వాత విప్పే వైపు, ఇలా మార్చి మార్చి కొట్టండి. 8, 10 మిల్లీమీటర్ల సన్న బోల్టులకు మాత్రం ఇంపాక్ట్ వద్దు, చేతి స్పానరే మంచిది. నట్టు సబ్‌ఫ్రేమ్ (ఆర్మ్‌ను బిగించే చట్రం) లోపల వెల్డ్ చేసి ఉన్నచోట కూడా జోరు చూపించకండి. ఆ వెల్డ్ ఊడితే నట్టు లోపలే గిర్రున తిరుగుతుంది, ఇక ఫ్రేముకు కిటికీ కోయాల్సిందే.

నూనెకు లొంగని మరలకు సెగను మించింది లేదు. వేడి పెట్టాల్సింది నట్టుకు, బోల్టుకు కాదు. 14 మిల్లీమీటర్ల ఉక్కు నట్టును 500 డిగ్రీలు వేడెక్కిస్తే దాని రంధ్రం సుమారు 0.08 మిల్లీమీటర్లు పెరుగుతుంది. వినడానికి చిన్నదే, తుప్పు పట్టు చిట్లడానికి చాలు. ఇంట్లో చేసేవాళ్లకు గ్యాస్ టార్చ్ కంటే ఇండక్షన్ హీటరే (కరెంటు చుట్టతో లోహాన్ని వేడెక్కించే పరికరం) మేలని నా గట్టి అభిప్రాయం. మంట ఉండదు, చుట్టలో ఉన్న లోహమే వేడెక్కుతుంది. పక్కనే బ్రేక్ హోస్, ఏబీఎస్ వైరు, రబ్బరు బూట్లు ఉండే ఇరుకులో ఇది పెద్ద నిశ్చింత. టార్చే వాడాల్సి వస్తే నూనె తడి పూర్తిగా తుడిచేయండి, షాక్ అబ్జార్బర్ దగ్గరకు, ఇంధన గొట్టాల దగ్గరకు మంట పోనివ్వకండి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ కొట్టిన చోట సెగ అసలు పెట్టొద్దు, ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టొచ్చు. నకిల్ (చక్రం హబ్‌ను మోసే దిమ్మ) అల్యూమినియందైతే ఇంకా జాగ్రత్త. ఉక్కులా ఎర్రబడి హెచ్చరించదు, 660 డిగ్రీల లోపే కరిగిపోతుంది. ఎర్రగా కాల్చిన బోల్టు, నట్టు మళ్లీ వాడకండి, వాటి గట్టిదనం పోయినట్టే.

గొట్టంలో పట్టేసిందా? అయితే నా ఓటు నేరుగా కోతకే. సెగ పెడితే బుష్ రబ్బరు అంటుకుని నల్లటి పొగ కక్కుతుంది. నూనె అంత పొడవునా లోపలికి చేరదు. నట్టు తీసేసి మర చివర సుత్తితో బాదితే అది పుట్టగొడుగులా విచ్చుకుని రంధ్రంలోంచి అసలే రాదు. బుష్‌కు, బ్రాకెట్‌కు మధ్య సందులో రెసిప్రొకేటింగ్ సా (బ్లేడు ముందుకూ వెనక్కీ ఆడే కరెంటు రంపం) బ్లేడు పెట్టి రెండు వైపులా కోసేస్తే ఆర్మ్ కిందకు దిగిపోతుంది. సస్పెన్షన్ బోల్టులు చాలావరకు 10.9 గ్రేడ్ గట్టివి, కాబట్టి కార్బైడ్ పళ్ల బ్లేడు తీసుకుని నిదానంగా నడపండి. గ్రైండర్ డిస్కు ఆ సందులో సరిగ్గా పట్టదు, చేయి జారితే బ్రాకెట్టే తెగుతుంది. కోతకు ఒకటే షరతు: కొత్త ఆర్మ్ లేదా బుష్, బోల్టు, నట్టు ముందే చేతిలో ఉండాలి. ఎలాగూ బుష్ మార్చడానికే దిగినవాళ్లు పాత బోల్టు కోసం ఒక్క పూట కూడా పోగొట్టుకోనక్కర్లేదు.

ఏది ఎంచుకున్నా బండి జాకీ మీద కాదు, స్టాండ్ల మీద ఉండాలి. బార్‌ను పక్కకు లాగే బలానికి బండి ఊగుతుంది. స్ప్రింగ్‌ను స్ప్రింగ్ కంప్రెసర్‌తో నొక్కి పట్టకుండా స్ట్రట్ (స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ కలిసిన భాగం) పైన నడిమి నట్టును ముట్టుకోవద్దు.

కొత్త బోల్టు నడుముకు పల్చగా యాంటీ సీజ్ (పట్టేయకుండా పూసే జిడ్డు) పూయండి. మరలకు మాత్రం మాన్యువల్ చెబితేనే పూయాలి, జిడ్డు మరల మీద అదే టార్క్‌కు (తిప్పే బలానికి) బోల్టు ఎక్కువ సాగుతుంది. బుష్ బోల్టుల చివరి బిగింపు చక్రాల మీద బండి బరువు పడ్డాకే చేయండి. గాల్లో వేలాడుతున్నప్పుడే బిగిస్తే, బండి కిందకు దించగానే కొత్త రబ్బరు కూడా అలాగే మెలి తిరిగి ఉండిపోతుంది, తొందరగా చీలిపోతుంది.