పీహెచ్‌డీకి ఏది మేలు: మ్యాట్రిక్స్ థియరీనా, న్యూమరికల్ లీనియర్ ఆల్జీబ్రానా?

"సార్, ఏ టాపిక్ తీస్కుంటే జల్ది అయితది?" హన్మకొండలో ఎమ్మెస్సీ మ్యాథ్స్ చేసి, నెట్ కొట్టి, గైడ్ కోసం తిరిగే పిల్లలు ఎక్కువగా అడిగేది ఇదే. లీనియర్ ఆల్జీబ్రా ఇష్టమని వచ్చేవాళ్లకు నా జవాబు ముందే చెప్తా: కోడ్ రాయడమంటే భయం లేకపోతే న్యూమరికల్ వైపు, అంటే మ్యాట్రిక్స్ లెక్కలను కంప్యూటర్‌తో సరిగ్గా చేయించే వైపు, పోండి. థియరీ తక్కువదని కాదు. జల్ది తేలిపోతదని అటు పోయేవాళ్లే ఎక్కువ, చిక్కంతా అక్కడుంది.

థియరీ అంటే మ్యాట్రిక్స్‌ల గుణాలను రుజువు చేయడం, దానికి ఖర్చు లేదు. కాగితం, పెన్ను, ఇంటర్నెట్ చాలు. ప్రశ్నలు కూడా ముచ్చటగా ఉంటయి. మన కాజీపేట జంక్షన్‌నే తీసుకోండి. ఒక దిక్కు జనగామ, ఒక దిక్కు జమ్మికుంట, ఇంకో దిక్కు వరంగల్. నడుమ చిన్న స్టేషన్లు వదిలేసి, లైను ఉన్నచోట 1, లేనిచోట 0 వేస్తే 4×4 మ్యాట్రిక్స్ వస్తది. దాని ఐగెన్ విలువలు (కొన్ని వెక్టర్ల గీత మార్చకుండా మ్యాట్రిక్స్ వాటిని ఎన్ని రెట్లు చేస్తదో చెప్పే సంఖ్యలు) √3, 0, 0, −√3. ఇప్పుడు కాజీపేటకు తగలకుండా జమ్మికుంట వైపు నుంచి సీదా వరంగల్ పోయే బైపాస్ లైను కూడా కలపండి. పెద్ద ఐగెన్ విలువ 1.732 నుంచి 2.170కి పోతది. గ్రాఫ్ (ఈ స్టేషన్లు, లైన్ల బొమ్మ) ముక్కలు కాకుండా కలిసి ఉంటే, కొత్త లైను వేసినప్పుడల్లా అది పెరగాల్సిందే. పెరాన్ (1907), ఫ్రొబీనియస్ (1912) సిద్ధాంతం ఆ హామీ ఇస్తది.

గట్మన్ 1978లో ప్రతిపాదించిన గ్రాఫ్ ఎనర్జీ మాత్రం ఇంత బుద్ధిగా ఉండదు. ఐగెన్ విలువల గుర్తులు తీసేసి కూడితే వచ్చేదే ఎనర్జీ. మన బైపాస్‌తో అది 3.464 నుంచి 4.962కి పెరిగింది. అదే నాలుగు స్టేషన్లు ఒకే వరుసలో ఉంటే ఎనర్జీ 4.472, రెండు చివరలు కలిపి రింగు చేస్తే 4కి పడిపోతది! ఎప్పుడు పెరుగుతది, ఎప్పుడు తగ్గుతది? అసలు రీసెర్చ్ ఇట్లాంటి ప్రశ్న దగ్గర మొదలైతది.

జల్ది అయ్యేది ఇది కాదు. నిర్వచనంలో ఒక గుణకం మార్చి, ఇంకో ఎనర్జీ అని పేరు పెట్టి, పాత రుజువునే తిరగరాస్తే పేపరైతే వస్తది. వైవాలో "దీంతో కొత్తగా ఏం తెలిసింది?" అంటే నోరు పెగలదు. మంచి థియరీ ఓపిక అడుగుతది: రెండు హెర్మిషియన్ మ్యాట్రిక్స్‌లు (వికర్ణానికి అటూ ఇటూ అద్దంలా ఉండే సిమెట్రిక్ మ్యాట్రిక్స్‌లకు కాంప్లెక్స్ రూపం) కూడితే ఐగెన్ విలువలు ఏమైతయన్న దానిమీద హార్న్ 1962లో చేసిన ఊహ 1990ల చివర్లో గానీ తేలలేదు. జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ ఐదేళ్లే.

ఇటు న్యూమరికల్ చూడండి. మూడు వరుసలు, రెండు నిలువు వరుసల మ్యాట్రిక్స్: మొదటి వరుస (1, 1), రెండోది (ఎప్సిలాన్, 0), మూడోది (0, ఎప్సిలాన్). ఎప్సిలాన్ 10⁻⁸ అనుకోండి. నిలువు వరుసలు రెండూ స్వతంత్రమే, లీస్ట్ స్క్వేర్స్ (తప్పుల వర్గాల మొత్తాన్ని అతి తక్కువ చేసే) జవాబు ఒక్కటే ఉంటది. మనం డిగ్రీలో నేర్చుకున్న నార్మల్ ఈక్వేషన్ల దారిలో ట్రాన్స్‌పోజ్‌తో గుణిస్తే వికర్ణంలో 1+10⁻¹⁶ రావాలి. కానీ డబుల్ ప్రెసిషన్‌లో (కంప్యూటర్ దశాంశ సంఖ్యలను దాచే మామూలు పద్ధతిలో) 1 తర్వాతి సంఖ్య దాదాపు 2.2×10⁻¹⁶ దూరంలో ఉంటది. అందుకని ఆ చిన్న ముక్క మాయమై, నాలుగు గడుల్లోనూ 1లే మిగిలి, మ్యాట్రిక్స్ సింగులర్ (ఇన్వర్స్ లేనిది) అయి కూర్చుంటది. మ్యాట్రిక్స్‌ను రెండు సులువైన మ్యాట్రిక్స్‌ల గుణకారంగా విడగొట్టే క్యూఆర్ పద్ధతి ట్రాన్స్‌పోజ్ గుణకారం జోలికి పోకుండా జవాబు తెస్తది. ఆక్టేవ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ ఉచితమే, పాత ల్యాప్‌టాప్‌లోనే ఈ తమాషా చూడొచ్చు.

రెండూ వేరువేరు ఊర్లు కూడా కావు. జనరలైజ్డ్ ఇన్వర్స్ (ఇన్వర్స్ లేని మ్యాట్రిక్స్‌కు దాని బదులు వాడేది) మీద అంత పని చేసిన సి.ఆర్. రావు, ఆంధ్రా యూనివర్సిటీలో చదువుకున్నాయన, అక్కడికి చేరింది స్టాటిస్టిక్స్‌లో ఇన్వర్స్ లేని నార్మల్ ఈక్వేషన్ల గుండానే.

మూడో ఆప్షన్ ఏఐ అంటరు. పెద్ద ఏఐ మోడల్‌ను తక్కువ సంఖ్యలతో కొత్త పనికి మలిచే, 2021లో వచ్చిన లోరా పద్ధతి చూడండి: 4096×4096 మ్యాట్రిక్స్‌లో 1,67,77,216 సంఖ్యలుంటే, వాటిలో చేసే మార్పు ర్యాంకు (స్వతంత్ర వరుసల సంఖ్య) 8కి మించదనుకుంటే 65,536 చాలు. ఐడియా బాగుంది, కానీ పోటీ పెద్ద జీపీయూలున్నోళ్లతో. థీసిస్‌లో ఒక ఉదాహరణగా పెట్టుకోండి, అంతే.

గైడ్ థియరీ మనిషైతే ఏం చేయాలె? మొండికేయొద్దు. పెర్టర్బేషన్ థియరీ అడగండి: మ్యాట్రిక్స్‌ను కొంచెం కదిపితే ఐగెన్ విలువ ఎంత కదులుతది? రుజువుకు రుజువు, కోడ్‌కు కోడ్. సిమెట్రిక్ మ్యాట్రిక్స్‌ను సిమెట్రిక్‌గానే కదిపితే, కదిపినంతకు మించి కదలదని వైల్ అసమానత చెప్తది. సిమెట్రిక్ కాకపోతే కథ వేరు: ఐగెన్ విలువలన్నీ సున్నాలైన 10×10 జోర్డాన్ బ్లాక్‌లో (వికర్ణానికి సరిగ్గా పైన 1లు, మిగతా అన్నీ 0లు) కింది ఎడమ మూలన 10⁻¹⁰ పెట్టండి, పదికి పది సున్నా నుంచి 0.1 దూరానికి దుంకుతయి.