టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బు: సెకన్లు లెక్కపెడుతుంది, చివరి మాట వదిలేస్తుంది

సభలో మాట్లాడటంలో మీ బలమెంతో, లోపమేదో తేల్చుకోవాలంటే హైదరాబాద్‌లో అందుబాటులో ఉన్న మంచి తక్కెడ టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బు, అంటే సభ్యులు వంతులవారీగా ప్రసంగిస్తూ ఒకరినొకరు అంచనా వేసుకునే చోటు. కొన్ని తూకపు రాళ్లు కచ్చితంగా ఉన్నాయి. ఒకటి రెండు అసలు లేవు, అవి మీరే తెచ్చుకోవాలి.

మాదాపూర్, గచ్చిబౌలి వైపు క్లబ్బుల్లో కొన్ని కంపెనీల ఆవరణలోనే నడుస్తాయి. గేటు దగ్గర ఆగిపోకుండా బయటివాళ్లకు ప్రవేశం ఉందో లేదో ముందే కనుక్కోండి. అతిథిగా కూర్చోడానికి డబ్బు కట్టక్కర్లేదు. సభ్యత్వానికి 2023 అక్టోబరు నుంచి ఆరు నెలలకు 60 డాలర్లు, కొత్తవాళ్లకు మరో 20. క్లబ్బు సొంత ఖర్చు పైన పడొచ్చు.

ముందుగా టైమర్, అంటే సమయం చూసే సభ్యుడి సంగతి. మామూలు ప్రసంగం 5 నుంచి 7 నిమిషాలు. 5 దగ్గర ఆకుపచ్చ, 6 దగ్గర పసుపు, 7 దగ్గర ఎరుపు రంగు చూపిస్తారు. ఆపైన 30 సెకన్ల వెసులుబాటు. పసుపు పడగానే ముగింపును గబగబా తోసేస్తున్నారంటే, చాలాసార్లు తప్పు ముగింపులో ఉండదు, మొదట్లోనే ఉంటుంది. "వేదికనలంకరించిన పెద్దలకు" అంటూ అందుకునే మన అలవాటు ఒక నిమిషం తినేస్తుంది (రవీంద్రభారతి సభల్లోనైతే ఇంకా ఎక్కువే). అసలు విషయం ఎన్నో సెకనులో మొదలైందో రాయమని టైమర్‌ను అడగండి. ఇక అప్పటికప్పుడు అంశమిచ్చి ఒకటి రెండు నిమిషాలు మాట్లాడించే టేబుల్ టాపిక్స్‌లో బట్టీ పట్టిన బలం ఏమీ పనిచేయదు. మిమ్మల్ని మీరు అంచనా వేసుకోడానికి సిద్ధం చేసుకున్న ప్రసంగం కన్నా అదే నమ్మదగినది.

ఆ-కౌంటర్ అనే మనిషి మీ "ఆ", "అమ్", "సో", "యాక్చువల్లీ" లెక్కపెడతాడు. మంచిదే. కానీ తెలుగువాళ్ల తడబాటు చాలావరకు విడి మాటగా రాదు, మాట చివరి అచ్చులో దాక్కుంటుంది. "మొన్నా... మేమూ... అక్కడికీ..." అని సాగదీసి తర్వాతి మాట వెతుక్కుంటాం. మాట మాటే కాబట్టి అది లెక్కలోకి రాదు, చీటీ మీద సున్నా పడుతుంది, మనం మురిసిపోతాం. సమావేశం ఇంగ్లీషులో జరిగితే ఈ లోపం బయటపడే అవకాశం ఇంకా తక్కువ.

అసలు లేని రాయి ఇంకొకటి ఉంది. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది, అవునా కాదా అన్నది అక్కడే తేలుతుంది. "ఈ గడువుకు పని పూర్తవుతుందని చెప్పలేను" అన్న వాక్యంలో ఊపిరి అయిపోయి గొంతు దిగిపోయేది సరిగ్గా "చెప్పలేను" దగ్గరే. వెనక వరసకు "పూర్తవుతుంది" మాత్రమే చేరుతుంది. మైకు ఉన్నా ఇదే గొడవ, ఎందుకంటే చివర్లో తల కాగితం మీదకు వంగి నోరు మైకుకు దూరమవుతుంది. పరీక్ష తేలికే. ఫోన్‌ను చివరి వరస కుర్చీలో పెట్టి రికార్డు చేయండి. తర్వాత కళ్లు మూసుకుని విని, వాక్యం చివరి క్రియలు మాత్రమే కాగితం మీద రాయండి. రాయలేకపోయినవన్నీ మీరు మింగేసినవి. "పూర్తవుతుందని" దగ్గర చిన్న ఊపిరి తీసుకుంటే "చెప్పలేను" నిలబడుతుంది. లేదా వాక్యాన్ని రెండుగా విరవండి.

మూల్యాంకనం చేసేవారికి దొరికేది 2 నుంచి 3 నిమిషాలు. మెచ్చుకోలు, ఒక సూచన, మళ్లీ మెచ్చుకోలు అన్న వరసలో చాలామంది దాటేస్తారు. పైగా వయసులో పెద్దవారైతే "సార్, చాలా బాగా మాట్లాడారు" దగ్గరే ఆగిపోతుంది. ప్రసంగానికి ముందే ఒక్క ప్రశ్న చేతిలో పెట్టండి: "రెండో అంశం అయిపోయి మూడోది మొదలైందని మీకెక్కడ తెలిసింది?" పొగడ్తతో తప్పించుకోలేని ప్రశ్న అది.

వాళ్ల ఫారంలో స్పష్టత, గొంతులో మార్పు, చూపు, హావభావాలు లాంటి వరసలకు 1 నుంచి 5 అంకెలుంటాయి. అన్నిటికీ 4, 5 వేస్తే ఆ కాగితం పనికిరాదు. వాళ్లది చూడకముందే మీ అంకెలు మీరు వేసుకోండి. రెండు అంకెల తేడా వచ్చిన వరస మీదే పని చేయండి. కంగారుకు సంబంధించిన వరసలో మాత్రం మీ అంకెను అంతగా నమ్మొద్దు. మాట్లాడేవాళ్లు తమ భయం బయటికి ఎంత కనిపిస్తోందో ఎక్కువగా ఊహించుకుంటారని సావిట్‌స్కీ, గిలోవిచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో చూపించారు.

టోస్ట్‌మాస్టర్స్ శిక్షణ మొదటి స్థాయిలో ఇవాల్యుయేషన్ అండ్ ఫీడ్‌బ్యాక్ (అంచనా, సూచనలు) అనే ప్రాజెక్టు ఉంది. ప్రసంగం చేసి, వచ్చిన సూచనలు అమలుచేస్తూ మళ్లీ మాట్లాడి, ఆపైన ఇంకొకరిని మీరే అంచనా వేయాలి. కట్టిన డబ్బుకు అన్నిటికన్నా గిట్టుబాటయ్యేది ఇదే.

ఆఫీసులో ఇంగ్లీషు ప్రజెంటేషన్లు ఇచ్చేవాళ్లు నిక్షేపంగా చేరొచ్చు. కాలనీ సంఘంలోనో, క్లాసులోనో తెలుగులో మాట్లాడేవాళ్లకు మాత్రం రెండు మూడు సార్లు అతిథిగా వెళ్లొస్తే చాలు. ఆ పద్ధతి నేర్చుకుని ఇంట్లో ముగ్గుర్ని కూర్చోబెట్టుకోండి: ఒకరికి గడియారం, ఒకరికి సాగదీసిన అచ్చులు, వినికిడి కాస్త తక్కువున్న పెద్దాయనకు క్రియలు.