డీపీయూ ఆపరేటర్: ఏడాదికి పైగా వాడాక నా మాట

ఓపెన్‌షిఫ్ట్‌లో (కంటెయినర్లలో పెట్టిన ప్రోగ్రాములను చాలా సర్వర్ల మీద నడిపే రెడ్ హ్యాట్ వేదిక) డీపీయూ కార్డుల బాగోగులు చూసుకునే డీపీయూ ఆపరేటర్ మీద నాకు ఇంత ఇష్టం ఏర్పడడానికి కారణం ఒక్కటే. కనెక్షన్ తెగిపోయిన కార్డు తిరిగి రాగానే, మనం చెప్పకుండానే దాన్ని క్లస్టర్‌లో (కలిసి పనిచేసే సర్వర్ల గుంపులో) కలుపుకుంటుంది. డీపీయూ అంటే సర్వర్‌లో బిగించే, సొంత ప్రాసెసర్ ఉన్న నెట్‌వర్క్ కార్డు. సీపీయూ నెత్తిన ఉన్న నెట్‌వర్క్ పనిని అది దించుతుంది.

మా క్లస్టర్ విజయవాడలో గన్నవరం వైపు ఒక చిన్న సర్వర్ రూమ్‌లో ఉంది. గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీల స్టాక్ లెక్కలు, కెమెరా ఫీడ్లు అక్కడికే వస్తాయి. కొత్త పంట యార్డుకు చేరే నెలల్లో ట్రాఫిక్ అమాంతం పెరుగుతుంది. ఫైర్‌వాల్‌ను హోస్ట్ (కార్డు బిగించిన సర్వర్) మీద కాకుండా కార్డు మీదే నడపాలని డీపీయూలు తీసుకున్నాం.

సెటప్ చాలా తేలిక అని మొదట్లో అడిగినవాళ్లందరికీ చెప్పాను. నోడ్‌కు (క్లస్టర్‌లోని ఒక సర్వర్‌కు) డీపీయూ=ట్రూ అని లేబుల్ పెట్టి, డీపీయూఆపరేటర్‌కాన్ఫిగ్ అనే చిన్న ఫైల్‌లో మోడ్ హోస్ట్ అని రాసి అప్లై చేస్తే చాలు, ఆ నోడ్ మీద ఆపరేటర్ డెమన్ (వెనకాల నడుస్తూ ఉండే ప్రోగ్రామ్) లేస్తుంది. అది నిజమే, కానీ సగం పనే. కార్డు మీద సొంత ఆర్మ్ ప్రాసెసర్లు, సొంత లినక్స్, దాని మీద ఇంకో బుల్లి క్లస్టర్ ఉంటాయి. అక్కడ కూడా ఇదే ఆపరేటర్ వేసి, మోడ్ డీపీయూ అని ఇవ్వాలి. ఫైర్‌వాల్‌ను నడిపే సర్వీస్ ఫంక్షన్ చైన్ (కార్డు మీద ఏ నెట్‌వర్క్ పనులు నడవాలో చెప్పే ఫైల్) రాయాల్సింది కూడా ఆ వైపే. అంటే ప్రతి అప్‌గ్రేడ్ రెండుసార్లు చేయాలి, ఏ లాగ్ కావాలన్నా రెండు చోట్ల వెతకాలి.

ఇక అసలు సంగతి. కిందటి రోహిణి కార్తెలో ఒక రాత్రి కరెంటు పోయింది. జనరేటర్ లోడ్ అందుకునేలోపే యూపీఎస్ బ్యాటరీలు చేతులెత్తేశాయి. సర్వర్లు మళ్లీ లేచాక నైట్ షిఫ్ట్ కుర్రాడు ఫోన్ చేశాడు (పాడ్ అంటే క్లస్టర్‌లో నడిచే ఒక్కో ప్రోగ్రామ్ యూనిట్): "అన్నా, నోడ్ రెడీ అనే చూపిస్తోంది, ఆపరేటర్ పాడ్లు కూడా రన్నింగ్‌లోనే ఉన్నాయి. మన పాడ్లు మాత్రం పెండింగ్ నుంచి కదలట్లేదు."

నోడ్‌ను డిస్క్రైబ్ కమాండ్‌తో చూస్తే అలొకేటబుల్‌లో (పాడ్లకు ఇవ్వగల వనరుల లెక్కలో) డీపీయూ రిసోర్స్ ఎదురుగా సున్నా. డెమన్ లాగ్‌లో అవతలి వైపు కనెక్షన్ దొరకడం లేదని అదే లైన్ మళ్లీ మళ్లీ. సీరియల్ కన్సోల్‌తో కార్డులోకి వెళ్లాం. లినక్స్ బాగానే ఉంది, దాని మీది క్లస్టర్ లేవలేదు. సర్టిఫికెట్ గడువు ఇంకా మొదలే కాలేదన్న ఎర్రర్. పవర్ పూర్తిగా పోవడంతో కార్డు గడియారం వెనక్కి వెళ్లిపోయింది. టైమ్ సర్వర్‌ను అడిగి సరిచేసుకోవాలి కదా, ఆ టైమ్ సర్వర్ ఉన్నది అదే కార్డు మీది ఫైర్‌వాల్ అవతల. క్లస్టర్ లేస్తే గానీ ఫైర్‌వాల్ రాదు, ఫైర్‌వాల్ వస్తే గానీ టైమ్ అందదు, టైమ్ అందితే గానీ క్లస్టర్ లేవదు. కార్డులు బిగించి వెళ్లిన వెండర్ పెట్టిన అమరిక అది. ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు.

మేనేజ్‌మెంట్ పోర్టు వైపు ఉన్న లోకల్ టైమ్ సర్వర్‌ను క్రోనీకి (లినక్స్‌లో గడియారాన్ని సరిచేసే ప్రోగ్రామ్) చూపించి, మేక్‌స్టెప్ కమాండ్ ఇచ్చి గడియారాన్ని ఒక్క దెబ్బకు సరిచేశాం. కార్డు మీది క్లస్టర్ లేచింది, ఫైర్‌వాల్ లేచింది. ఇప్పుడు హోస్ట్ వైపు ఏమేం రీస్టార్ట్ చేయాలో చూద్దామని ఆ టెర్మినల్‌కు మారేసరికి అక్కడ సున్నా లేదు. పాడ్లు ఒకటి తర్వాత ఒకటి రన్నింగ్‌లోకి వస్తున్నాయి. లేబుల్ ముట్టుకోలేదు, నోడ్‌ను రీబూట్ చేయలేదు. డెమన్ అంతసేపూ ప్రయత్నం మానలేదు కాబట్టి కార్డు పలకగానే కుబ్లెట్‌కు (నోడ్ మీద పాడ్లను నడిపే ప్రోగ్రామ్) మళ్లీ లెక్క చెప్పింది. ఇంతకుముందు వెండర్ స్క్రిప్టులతో ఇదే పని చేసేవాళ్లం. ఏది ముందు, ఏది వెనక అన్నది కాగితం మీద రాసుకుని, ఒక్కో కార్డులోకి లాగిన్ అయి నడపాల్సి వచ్చేది. తెల్లవారుజామున ఆ పని చేసినవాళ్లకే ఈ ఆపరేటర్ విలువ తెలుస్తుంది.

ఒక్క జాగ్రత్త. హోస్ట్ వైపు పాడ్లు పచ్చగా ఉన్నాయి కదా అని కార్డు బాగున్నట్టు కాదు. నోడ్ అలొకేటబుల్ మెట్రిక్‌లో డీపీయూ లెక్క సున్నా అయితే మోగేలా ప్రోమిథియస్‌లో (క్లస్టర్ లెక్కలను గమనించే టూల్) అలర్ట్ పెట్టుకున్నాం. ఆ అలర్ట్ లేకుండా దీన్ని వాడమని ఎవరికీ చెప్పను.

కార్డు కంపెనీల మధ్య తేడాలను వెండర్ ప్లగిన్ వెనక దాచేస్తారు కాబట్టి రేపు వేరే కార్డు కొన్నా ఇవే ఫైళ్లు పనికొస్తాయని అంటారు. మా దగ్గర ఉన్నవన్నీ ఒకే రకం, అందుకే దాని గురించి నేను మాట్లాడలేను. కరెంటు మీద నమ్మకం లేని చోట, కార్డు లినక్స్‌లోకి దిగి చూడగల మనిషి ఒకరు టీమ్‌లో ఉంటే నేను దీన్నే తీసుకోమంటాను. అలాంటి మనిషి లేకపోయినా, ఉన్నది ఒక్క కార్డే అయినా, రెండో క్లస్టర్‌ను సాకే శ్రమకు ఇది గిట్టుబాటు కాకపోవచ్చు.